ఫ్యాను విమానానికి పూవడిగినప్పుడు

గుడియాత్తం నుంచి వేలూరు పోయే బస్సులో నాయన ఎప్పుడూ ఒకే వైపు కిటికీ పట్టుకునేవాడు. అటు ఎండ కొడుతుందయ్యా అని కండక్టరు చెప్పినా జరిగేవాడు కాదు. పళ్ళికొండ దాటి హైవే ఎక్కాక, వేలూరు ఇంకా కొంత దూరం ఉందనగా, ఆ వైపున విమానాల రన్‌వే కనిపిస్తుంది. చిన్న రన్‌వే. భవనం కట్టారు, రంగు వేశారు, కంచె వేశారు. ప్రయాణికుల విమానం మాత్రం ఇంకా రాలేదు. కంచె లోపల ఒక స్తంభానికి చారల గుడ్డ గొట్టం వేలాడుతుంటుంది, గాలి ఎటు వీస్తోందో చూపడానికి. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా వచ్చి దిగాలని ఒకసారి నోరు జారి చెప్పాను. ఇక అంతే. ఆనాటి నుంచి బస్సు అక్కడికి రాగానే మోచేత్తో నన్ను పొడిచి, "ఈ పొద్దు విమానం ఏ కొసన దిగల్లమ్మా?" అని అడిగేవాడు. నేను గుడ్డను చూసి తూర్పు కొసనో పడమటి కొసనో చెప్పేదాన్ని. పక్క సీట్లవాళ్ళు మమ్మల్ని వింతగా చూసేవాళ్ళు. చూడనీ అనుకునేదాన్ని.

నాకు విమానం నడిపే లైసెన్సు ఉంది. ఉంది అంటే బీరువాలో ఉంది, అమ్మ పట్టుచీర కింద. మోర్ధానా డ్యాం కాలవ కింద సేద్యం చేసే ఇంట్లో ఆడపిల్ల పైలట్ అయిందని ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫ్లెక్సీ ఎండకు వెలిసి, చివరికి ఎవరి గడ్డివామి మీదికో టార్పాలిన్ పట్టాగా చేరేదాకా కూడా నాకు ఉద్యోగం రాలేదు. పెళ్ళిళ్ళకు పోతే, "ఏమ్మా, విమానం యాడ నిలిపి వచ్చినావు?" అని పెద్దవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. మొదట నవ్వేదాన్ని. తర్వాత పెళ్ళిళ్ళకు పోవడం మానేశాను.

లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏ విమానమైనా ఎక్కి కూర్చోనివ్వరు. పెద్ద విమానాల్లో ప్రతి రకానికీ విడిగా చదువు, సిమ్యులేటర్ అనే ఉత్తుత్తి కాక్‌పిట్‌లో తర్ఫీదు, ఆ తర్వాత పరీక్ష ఉంటాయి. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. కొన్ని కంపెనీలు తామే నేర్పిస్తాయట. నాకు తగిలినవన్నీ నువ్వే నేర్చుకుని రా అన్నవే. నేర్చుకుంటే పని ఇస్తారా అంటే అప్పుడు చూద్దాం అంటారు. పోనీ ఒక రకం నేర్చుకుంటే అన్నిటికీ పనికొస్తుందా అంటే అదీ లేదు. ఒక రకానికి పోసిన డబ్బు ఇంకో రకం దగ్గర చెల్లని కాసు.

అలాంటి రోజుల్లో శిక్షణ సంస్థకు మనుషుల్ని చేర్చే ఒకాయన ఫోన్ చేశాడు. టర్బోప్రాప్ టైప్ రేటింగ్, బ్యాచ్‌లో చోటు ఉంది, త్వరగా చెప్పాలి అన్నాడు. టర్బోప్రాప్ అంటే రెక్కలకు రెండు పెద్ద ఫ్యాన్లు తిరిగే విమానం, చిన్న చిన్న ఊళ్ళకు పోయేది. నాకంటే ముందు చదివిన ఒకరిని అడిగితే, జెట్లకు మనుషులు ఎక్కువ కావాలి, ఫ్యాన్లవాటికి తక్కువ, ఆలోచించుకో అన్నారు. నాకు ఆలోచించడానికి ఓపిక లేదు, భయం మాత్రం కావలసినంత ఉంది. పెద్ద బావి కింది భూమి లైసెన్సుకే పోయింది. ఇక మిగిలింది కాలవ కింద వరి పండే కయ్య, ఇంటి వెనక టెంకాయ తోట. ఈ రేటింగుకు కట్టాలంటే కయ్య పోవాలి.

నాయనకు మాత్రం ఏ అనుమానమూ లేదు. "పెద్ద విమానం మన వేలూర్లో దిగదు కదా?" అని అడిగాడు. దిగదు, రన్‌వే చాలదు అన్నాను. "ఫ్యాను విమానం?" బాగా చిన్నదైతే దిగుతుంది అన్నాను. "అయితే ఇంకేమి!" అని తుండు విదిలించి భుజాన వేసుకున్నాడు. నేను నేర్చుకోబోయే ఫ్యాను విమానం ఆ రన్‌వేకి కూడా పెద్దదేనని ఎంత చెప్పినా ఎక్కలేదు. రన్‌వేను ఇంకొంచెం పొడిగిస్తారులే అన్నాడు, పెరటి కంచె జరిపినంత తేలిగ్గా. ఆయన లెక్కలో అంతా ఖాయమైపోయింది. నేను పొద్దున వేలూరులో విమానం ఎక్కుతాను, ఊళ్ళన్నీ తిరిగి సాయంత్రానికి వేలూరులోనే దిగుతాను, గుడియాత్తం బస్సు పట్టుకుని ఇంటికొచ్చి అన్నం తింటాను. దేశంలో ఎంతమంది తండ్రులు కూతురు నడపబోయే విమానాన్ని బస్సు టైముతో కలిపి చూసుకున్నారో నాకు తెలియదు. మా నాయన చూసుకున్నాడు.

అమ్మ అన్నీ వింటూ టెంకాయ పీచు ఒలుస్తూ కూర్చుంది. చివరికి, గంగమ్మను పూవు అడుగుదాం అంది.

మా ఇళ్ళల్లో బోరు వేయాలన్నా, సంబంధం ఖాయం చేసుకోవాలన్నా, భూమి అమ్మాలన్నా పూవు అడుగుతారు. ఒక ఆకు ముక్కలో తెల్లపూవు, ఇంకోదాంట్లో ఎర్రపూవు పెట్టి, అరటి నారతో ఒకేలా కట్టి అమ్మవారి ముందు వేస్తారు. ఏమీ తెలియని ఆడబిడ్డ చేత ఒక పొట్లం తీయిస్తారు. తెలుపు వస్తే సరి, ఎరుపు వస్తే వద్దు. మల్లె పెడితే వాసనకే తెలిసిపోతుందని మా అమ్మ రెండూ గన్నేరు పూలే పెడుతుంది. పొట్లాలు కట్టేది ఇంటి ఆడది, ఆ పనిలో మగవాళ్ళు చెయ్యి పెట్టరు. తీయని పొట్లాన్ని విప్పకూడదు, పారే నీళ్ళలో వదిలేయాలి. వచ్చిన మాటకు ఎదురు లేదు.

మేఘాల లోపల కళ్ళకు ఏమీ కనిపించనప్పుడు మీటర్లను నమ్మి విమానం నడపడం నేర్చుకున్నదాన్ని, నా బతుకు ఆకు పొట్లంలో కట్టి అడగాలా అని మొదట చిర్రెత్తింది. కానీ నోరు మూసుకున్నాను. కయ్య అమ్మమని చెప్పే ధైర్యం నాకు లేదు, అమ్మొద్దని చెప్పడానికి మనసు రాదు. ఆ మాటేదో గంగమ్మే చెప్పేస్తే నాకు బరువు తగ్గుతుంది అనిపించింది.

గుడియాత్తంలో గంగమ్మ గుడికి ముగ్గురం పోయాం. వాళ్ళమ్మతో వచ్చిన ఒక చిన్నపిల్లను పిలిచారు. ఆ పిల్ల చాలాసేపు రెండు పొట్లాలనూ మార్చి మార్చి చూసింది. నాయన పెదవులు కదులుతున్నాయి. పిల్ల ఒకటి తీసి అమ్మ చేతిలో పెట్టింది. నార విప్పితే ఎర్రగన్నేరు.

నాయన ఆ పూవును కళ్ళకద్దుకున్నాడు. "సరి. గంగమ్మ వద్దనింది," అన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు కూర్చోలేదు. ఆ దారిలో రన్‌వే లేదు, అయినా ఆయనకు కిటికీ అలవాటు.

తీయని పొట్లం కాలవలో వదిలి రమ్మని అమ్మ నాకిచ్చింది. అప్పుడు మోర్ధానా నీళ్ళు వదిలి ఉన్నారు, కాలవ నిండుగా పోతోంది. గట్టున నిలబడితే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒక మీటరు చెప్పింది నమ్మొద్దు, పక్క మీటరు కూడా అదే చెబుతోందా చూసుకో అని శిక్షణలో మాకు నూరిపోశారు. ఆ అలవాటో, నా పాడు బుద్ధో, విప్పకూడని పొట్లం విప్పాను. అందులోనూ ఎర్రగన్నేరే ఉంది.

అమ్మ తోటలో ఆవుకు గడ్డి కోస్తోంది. పూవు ఆమె ముందు పడేసి, రెండిట్లోనూ ఎరుపే కట్టావా అని అడిగాను. కొడవలి కింద పెట్టింది. కాదనలేదు. అటూ ఇటూ చూసి నాయన దగ్గర్లో లేడని తెలిశాక చెప్పింది.

"మీ నాయన రొమ్ములో, ఊపిరితిత్తి మీద గడ్డ ఉండాదమ్మా. వేలూరు ఆస్పత్రిలో నన్ను పక్కకి పిలిచి చెప్పినారు. ఆయప్పకి తెలియదు. కయ్య పోతే మనం దేన్తో చూస్తాము?"

నాయనకు చాన్నాళ్ళుగా దగ్గు ఉంది, అది పాత నెమ్ము అనే అనుకుంటున్నాం, ఆయనా నేనూ. స్కాన్ తీయించడానికి అమ్మ వెంట పోయింది. వచ్చాక ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పుడు నేను ఆ ఫోన్ చేసినాయన పంపిన కాగితాలు చదువుతున్నాను.

"నాకు చెప్పుంటే నేనే వద్దనేదాన్ని కదా!" అని అరిచాను.

"నువ్వు వద్దంటే ఆయప్ప వింటాడా? ఎందుకు వద్దో చెప్పు అంటాడు. గంగమ్మనైతే ఎందుకని అడగడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మీద, ఆ గడ్డ మీద, ఆ ఎర్రపూవు మీద, ఎవరి మీద కోపమో నాకే తెలియలేదు. అమ్మ నా తల తన కడుపుకు అదుముకుంది. గడ్డి వాసన, పాల వాసన. ఇద్దరం గట్టిగా ఏడవలేదు, నాయన వస్తాడని.

ఆ తర్వాత వేలూరు బస్సే మాకు ఇల్లయింది. బీమా కార్డు కొంత మోసింది, మిగిలింది కయ్య అమ్మిన డబ్బు మోసింది. చివరికి నాయనకూ తెలిసింది. ఆస్పత్రిలో క్యాన్సర్ విభాగం బయట కూర్చున్న మనుషులను చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. తెలిశాక ఆయన భయపడలేదు, ఆశ్చర్యపోయాడు. తనకు ఇలా వస్తుందని గంగమ్మకు ముందే తెలుసు, అందుకే కయ్య అమ్మొద్దని ఎర్రపూవు ఇచ్చింది అన్నాడు. ఊళ్ళో కూడా అదే చెప్పుకున్నారు. గంగమ్మ మహిమ అని కొందరు మా ఇంటికి వచ్చి మరీ ఆ కథ విన్నారు. అమ్మ వాళ్ళకు కాఫీ పెట్టి ఇచ్చి వంటింట్లోకి పోయేది.

ఒకరోజు చికిత్స అయ్యాక తిరిగొస్తున్నాం. నాయన జుట్టు రాలిపోయింది, తుండు తలకు చుట్టుకున్నాడు. రన్‌వే దగ్గరికి రాగానే నన్ను మోచేత్తో పొడుస్తాడని ఎదురు చూశాను. పొడవలేదు. కంచె వెనక్కి పోయేదాకా చూసి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా రోగం నీ విమానాన్ని తినేసిందమ్మా. వద్దనింది గంగమ్మ. నేను వద్దనలేదు. అది మాత్రం గుర్తు పెట్టుకో."

నాయనా, వద్దన్నది గంగమ్మ కూడా కాదు, అమ్మ అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? నా కూతురి దారికి నేనే అడ్డం పడ్డానా, దానికి నా పెళ్ళామే పూవు కట్టిందా అని ఇంకా కుమిలిపోతాడు. గంగమ్మ అనుకుంటేనే మేలు. నువ్వు ముందు తిను నాయనా, బక్కచిక్కిపోయావు అని ఏదో అన్నాను. మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని పళ్ళికొండ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏమి చూశానో గుర్తు లేదు.

డాక్టర్లు ఇక ఇంట్లో పెట్టుకుని చూసుకోండి అన్నాక, నాయన మంచం వసారాలో వేశాం, తోట కనిపించేలా. అక్కడ పడుకుని ఒకరోజు అమ్మతో, ఇంకోసారి పూవు అడుగుదాం అన్నాడు. కయ్య తన రోగం కోసం నిలిచింది, ఆ పని అయిపోయింది, తోట మాత్రం పిల్లది, దాని గురించి ఇంకా ఎవరూ అడగలేదు కదా అని ఆయన వాదన. అమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

గుడికి పోలేడు కాబట్టి ఇంట్లోనే, గంగమ్మ పటం ఉన్న గూటి ముందు దీపం పెట్టాం. పక్కింటి వాళ్ళ మనవరాలిని పిలిచాం. అమ్మ పెరట్లో గన్నేరు కోసి, లోపలికి పోయి పొట్లాలు కట్టుకొచ్చింది. ఈసారి రెండిట్లోనూ తెలుపే ఉంటుందని నాకు తెలుసు. తెలుసు అని అంత గట్టిగా అనుకున్నాను. మంచిదే అనుకున్నాను కూడా, పోయే మనిషి గంగమ్మ తన బిడ్డను కాదన్నదన్న దిగులుతో పోకూడదు.

పిల్ల తీసింది. తెల్లగన్నేరు.

నాయన లేచి కూర్చున్నాడు. ఎవరూ పట్టుకోకుండా లేచి కూర్చోవడం అదే చివరిసారి. "ఇచ్చిందమ్మా, ఇచ్చేసింది!" అని ఆ పూవు నా చేతిలో పెట్టి నా వేళ్ళు మూశాడు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాడు, మా పాప ఫ్యాను విమానం నేర్చుకోబోతోంది, వేలూర్లోనే దిగుతాది అని. ఎప్పుడు పోతావు అని నన్ను రోజూ అడిగేవాడు. వానలు పోనీ నాయనా అనేదాన్ని. వానలు పోకముందే ఆయన పోయాడు.

తీయని పొట్లం గూట్లోనే ఉండిపోయింది. పూవు అడిగిన రోజుల్లో కాలవలో నీళ్ళు లేవు, పారే నీళ్ళు వచ్చేదాకా దాన్ని కదిలించకూడదు. ఆ వానలకు మోర్ధానా నిండింది. కర్మలన్నీ అయ్యాక నీళ్ళు వదిలారు. అమ్మ గూట్లోంచి పొట్లం తీసి, పోయి వదిలి రా అని నాకు ఇచ్చింది.

అదే గట్టున నిలబడ్డాను. మా కయ్య ఇప్పుడు వేరేవాళ్ళది, అప్పుడే దుక్కి చేసి ఉన్నారు. ఈ పొట్లం విప్పాల్సిన పని లేదు, లోపల ఏముందో నాకు తెలుసు కదా. అయినా విప్పాను. అమ్మ నాయన కోసం కట్టిన రెండో తెల్లపూవును ఒకసారి చూడాలనిపించింది. ఆకు ఎండి పొడిపొడిగా రాలింది. తెల్లగన్నేరు ఎండితే మట్టిరంగు తిరుగుతుంది. ఇది ముదురు వక్క రంగులో ఉంది. వేలితో రుద్ది చూశాను. ఎర్రగన్నేరే.

పొట్లాన్ని నీళ్ళలో వదలకుండానే ఇంటికి పరిగెత్తాను. అమ్మ వసారాలో, ఖాళీ మంచం పక్కన కూర్చుని ఉంది. నేను నోరు తెరవకముందే నా చేతిలోది చూసింది.

"ఆ పొద్దు నేనేమీ చేయలేదు పాపా. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు కట్టినా."

"ఎరుపు వచ్చుంటే? నాయన ఏమైపోయేవాడు?"

"వచ్చుంటే వచ్చుండేది. సచ్చే మనిషికి ఇంకోతూరి అబద్ధం చెప్పలేకపోయినా."

కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత చాలా మామూలుగా, పాల లెక్క చెప్పినట్టు చెప్పింది. గంగమ్మ నిజంగానే ఇచ్చింది, మీ నాయన మాట కూడా అదే, తోట అమ్మేస్తాం, నువ్వు పోయి ఆ చదువు చదువుకో. కొనేవాళ్ళను కూడా అడిగిపెట్టుకుంది.

నేను తోట వైపు చూశాను. ఏ చెట్టు కాయ పచ్చడికి బాగుంటుందో, ఏది నీళ్ళకే పనికొస్తుందో అమ్మకు తెలుసు. పొద్దున లేస్తూనే ముఖం కడగకుండా అందులోకే పోతుంది. అది పోతే ఆమె ఇంకొకరి తోటలో పీచు ఒలవడానికి పోవాలి. అంతా పోసి రేటింగు తెచ్చుకుంటే నాకు ఉద్యోగం ఖాయమా? అదీ ఎవరూ చెప్పరు. నాకు ఎగరాలని లేదా అంటే, ఉంది. వేలూరులో ఎక్కి వేలూరులో దిగి బస్సుకు ఇంటికొచ్చే ఆ పిచ్చి లెక్క నాకు కావాలి. కానీ ఆ లెక్కలో కిటికీ పక్కన కూర్చునే మనిషి లేడు. ఉన్నది అమ్మ ఒక్కతే.

"తోట అమ్మొద్దమ్మా," అన్నాను.

"గంగమ్మ ఇచ్చినాక కాదంటే కోపం వస్తాది."

"నా మీదికి రానీ."

ఒకసారి అమ్మ వద్దంది, అది గంగమ్మ పేరున పోయింది. గంగమ్మ నిజంగా పొమ్మన్నప్పుడు వద్దన్నది నేను. పూవు అడిగితే బరువు తగ్గుతుందనుకున్నదాన్ని, ఆ బరువు నా దగ్గరికే వచ్చింది. పొట్లం తీసుకుపోయి కాలవలో వదిలాను. శిక్షణ సంస్థ నుంచి అప్పుడప్పుడూ ఫోన్ చేస్తూనే ఉన్న ఆయనకు, ఇక నాకు చేయొద్దండీ అని చెప్పాను. ఆయన మర్యాదగానే సరే అన్నాడు.

ఇప్పుడు వేలూరులో ఒక ఆస్పత్రిలో పని చేస్తున్నాను. చిత్తూరు వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ళకు డాక్టర్లు చెప్పేది తెలుగులో చెప్పడం నా పని. అప్పుడప్పుడు ఎవరో ఒక ఇల్లాలిని పక్కకు పిలిచి చెప్పాల్సి వస్తుంది. ఆమె భర్త అవతల బెంచీ మీద కూర్చుని మా వైపే చూస్తుంటాడు. చెప్పాక ఆ ఆడమనిషి ముఖం మామూలుగా పెట్టుకుని అతని దగ్గరికి నడిచిపోవడం చూస్తాను. ఆ రోజు అమ్మ కూడా ఇలాగే నడిచి ఉంటుంది.

రోజూ అదే బస్సు. నాయన కూర్చునే వైపే కూర్చుంటాను, ఎండ కొట్టినా సరే. రన్‌వే దగ్గరికి రాగానే నా పక్కటెముకలు వాటంతటవే మోచేతి పోటు కోసం చూస్తాయి. ఎవరూ పొడవరు. గుడ్డ గొట్టం ఊగుతూ ఉంటుంది. ఈ రోజు గాలి పడమటి నుంచి ఉంది. తూర్పు కొసన దిగల్ల నాయనా, అని చెప్పాను.